చిన్న ట్యాంకులో మంచినీటి రొయ్యలు, నత్తలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా హాల్లో కిటికీకి దూరంగా ఒక మూల అడుగున్నర ట్యాంకు ఉంది. ఇంటికి వచ్చినవాళ్ళు కాసేపు అందులోకి చూసి "చేపలేవండీ?" అంటారు. ఇంకో రెండు నిమిషాలకు నాచు మీద గోరంత ఎర్ర రొయ్య ఒకటి కనబడుతుంది, తర్వాత ఇంకోటి, తర్వాత గాజు మీద నత్త. ఇక అక్కడి నుంచి లేవరు. వారం తిరగకుండా "మేమూ పెడతాం, ఎలాగో చెప్పండి" అని ఫోన్ చేస్తారు. ఆ ఫోన్లలో మళ్ళీ మళ్ళీ వచ్చే ప్రశ్నలు, నేను చెప్పే జవాబులు ఇక్కడ రాశాను. నా చేతిలో పోయిన రొయ్యల సంగతి కూడా రాశాను, మీవైనా బతకాలని.

చేపలు లేకుండా ఒట్టి రొయ్యలు, నత్తలే ఉంటే చూడ్డానికి ఏముంటుంది?

దీన్ని దగ్గర కూర్చుని చూడాలి. రొయ్య పొద్దస్తమానం ముందరి చిన్న చేతులతో ఆకుల మీదా రాళ్ళ మీదా ఏదో ఏరుకుని నోట్లో పెట్టుకుంటూనే ఉంటుంది. అది ఏరుకునేది మన కంటికి ఆనని జిగురు పొర. నీళ్ళలో ఉన్న ప్రతి వస్తువు మీదా కొన్నాళ్ళకు బాక్టీరియా, సన్నని నాచు, సూక్ష్మజీవులు కలిసి ఆ పొర కడతాయి. బయోఫిల్మ్ అంటారు. రొయ్యకు అసలు అన్నం అదే. మనం పెట్టే మేత పక్కన నంజుకునే పచ్చడి లాంటిది. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే కింద చెప్పబోయే సగం విషయాలు మీకే తోస్తాయి.

నత్త గాజు మీద పాకుతున్నప్పుడు ఇవతల నుంచి దాని నోరు చూడండి. నాలుక బయటికి వచ్చి గాజును ఒక్కసారి గీకి లోపలికి పోతుంది. పిల్లలు దీన్ని ఎంతసేపైనా చూస్తారు.

ఇవి మనం వండుకునే రొయ్యలేనా? చెరువు నుంచి పిల్లను తెచ్చి వేయొచ్చా?

ఇవి వేరు. భీమవరం, నెల్లూరు వైపు చెరువుల్లో పెంచే వనామీ పసిఫిక్ సముద్రపు రొయ్య. ఇంటి కుళాయి నీళ్ళలో, ఇంత చిన్న ట్యాంకులో అది నిలవదు. నీలకంఠ రొయ్య మంచినీటిదే కానీ అడుగు పొడవు దాకా పెరుగుతుంది, తనకంటే చిన్నదాన్ని వేటాడి తింటుంది. కాలవల్లో దొరికే గాజులాంటి చిన్న రొయ్యల్లో కూడా నీలకంఠ జాతికి దగ్గరివి ఉంటాయి. ముందరి చేతులు పొడుగ్గా, చివర పటకారులా ఉంటే ఈ ట్యాంకులోకి తేవద్దు.

మీ ఇంట్లో ఎవరైనా ఆక్వా సాగు చేస్తుంటే అమోనియా, పీహెచ్, మోల్టింగ్ (గుల్ల విడవడం) అన్న మాటలు మీకు కొత్త కాదు. ఆ అనుభవం బాగా పనికొస్తుంది. ఒక్క అలవాటు మాత్రం గట్టు మీదే వదిలేయండి. చెరువులో చల్లినట్టు ట్యాంకులో సున్నం వేయకూడదు. అన్ని తక్కువ నీళ్ళలో పీహెచ్ ఒక్కసారిగా ఎగిసి పడుతుంది.

మొదటిసారి పెంచేవాళ్ళు ఏ రొయ్య తీసుకోవాలి?

చెర్రీ రొయ్య. షాపులో రెడ్ చెర్రీ అని అడిగితే ఇస్తారు. శాస్త్రీయ నామం నియోకారిడినా డేవిడి, సొంత ఊరు తూర్పు ఆసియా. అక్కడి వాగుల్లో ఇది మట్టి రంగులో ఉంటుంది. ఎరుపు, పసుపు, నీలం అన్నీ పెంపకందారులు తరాల తరబడి ఏరి ఏరి నిలబెట్టిన రంగులే. మూడు సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, ఏడాది నుంచి రెండేళ్ళు బతుకుతుంది. మన నీళ్ళకు, మన చేతివాటానికి తట్టుకునేది ఇదే.

అమానో రొయ్య కూడా దొరుకుతుంది. జపాన్‌కు చెందిన తకాషి అమానో 1980ల్లో నాచు తినిపించడానికి దీన్ని మొక్కల ట్యాంకుల్లో వాడి పేరు తెచ్చాడు. పనిమంతురాలే, అయితే దీని పిల్లలు ఎదగాలంటే ఉప్పు కలిసిన నీళ్ళు కావాలి కాబట్టి మన ట్యాంకులో సంతానం పెరగదు. క్రిస్టల్ రెడ్ లాంటి ఎరుపు తెలుపు చారల కారిడినా జాతి రొయ్యలు చూడ్డానికి చాలా అందంగా ఉంటాయి. వాటికి మెత్తటి (లవణాలు తక్కువున్న) నీళ్ళు, ప్రత్యేకమైన మట్టి, చల్లదనం కావాలి. మన ఎండల్లో నీళ్ళు చల్లబరిచే చిల్లర్ లేకుండా వాటి జోలికి వెళ్ళొద్దని నా సలహా.

నత్తల్లో ఏవి మంచివి?

నాకు ఇష్టమైనవి నెరైట్ నత్తలు. గాజు మీద నాచును ఇంత శుభ్రంగా గీకేది మరొకటి లేదు. గుడ్లు మంచినీళ్ళలో పొదగవు కాబట్టి సంఖ్య పెరిగిపోతుందన్న భయం లేదు. కాకపోతే ఆ గుడ్లను నువ్వుగింజల్లా రాళ్ళ మీదా చెక్క మీదా అతికిస్తాయి, గీకినా ఒక పట్టాన పోవు.

మిస్టరీ నత్త నిమ్మకాయంత అవుతుంది. పసుపు, నీలం రంగుల్లో దొరుకుతుంది. గొట్టంలాంటి అవయవాన్ని పైకి చాపి గాలి పీల్చుకుంటుంది, గుడ్ల గుత్తి నీటిమట్టానికి పైన గాజుకు పెడుతుంది. అందుకని పైన రెండంగుళాలు ఖాళీ వదిలి మూత పెట్టండి, లేదంటే రాత్రి బయటికి పాకి కింద పడుతుంది. అడుగున్నర ట్యాంకుకు ఒకటి, మహా అయితే రెండు.

రామ్స్‌హార్న్, ట్రంపెట్ నత్తలు మీరు కొనకపోయినా మొక్కలతో వచ్చేస్తాయి. ట్రంపెట్ నత్త పగలంతా ఇసుకలో దూరి ఉంటుంది, అడుగున గాలి ఆడకుండా ఇసుక గడ్డ కట్టకుండా కలియదిప్పుతుంది. రామ్స్‌హార్న్‌కు మనలాగే హిమోగ్లోబిన్ ఉంటుంది. ఎర్ర రకంలో ఆ రంగే పైకి కనిపిస్తుంది.

పొలంలో, చెరువులో ఏరిన నత్తలు వద్దు. వరిచేలల్లో కనిపించే పెద్ద గుల్ల నత్త మొక్కల్ని మిగల్చదు. పశువులు దిగే చెరువుల్లోని చుట్టల నత్తల్లో కొన్ని పరాన్నజీవులను మోస్తాయి. ఆ నీళ్ళలో చెయ్యి పెడితే దురదతో దద్దుర్లు వస్తాయి.

ట్యాంకు ఎంత ఉండాలి?

షాపుల్లో అడుగు ట్యాంకు, అడుగున్నర ట్యాంకు అని అడుగుతారు. అడుగు పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్నదానిలో 28 లీటర్లు పడతాయి. పది రొయ్యలతో మొదలుపెట్టడానికి అది సరిపోతుంది. నేను మాత్రం అడుగున్నర పొడవుది తీసుకోమంటాను. 42 లీటర్ల ట్యాంకులో ఇసుక, ఖాళీ పోను 35 లీటర్ల నీళ్ళు నిలుస్తాయి. నీళ్ళు ఎక్కువ ఉన్నకొద్దీ వేడి గానీ మురికి గానీ నెమ్మదిగా మారతాయి, మన తప్పు దిద్దుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. టేబుల్ మీద పెట్టే గుండ్రటి గాజు బౌల్‌లో ఆ వ్యవధి ఉండదు.

నిండిన ట్యాంకు 50 కిలోలు దాటుతుంది. గట్టి స్టాండ్ మీద, కింద థర్మోకోల్ షీట్ వేసి పెట్టండి. ఎండ తగిలే కిటికీ, వంటింటి పొగ, ఫ్రిజ్ వెనక గోడ మూడూ వద్దు.

ఇసుక, రాళ్ళు ఎక్కడివి వాడాలి?

నది ఇసుకైనా, షాపులో అమ్మే సన్న గులకరాళ్ళైనా సరే, కడిగిన నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగాలి. రంగు వేసిన రాళ్ళు వద్దు. గ్రానైట్ ముక్కలు నీటిని మార్చవు. కడప బండ, తాండూరు బండ సున్నపురాయి జాతివి, నీళ్ళలో కొద్దికొద్దిగా కరిగి గట్టిదనం పెంచుతాయి. తెలియని రాయి మీద నిమ్మరసం పిండి చూడండి, నురగ వస్తే సున్నం ఉన్నట్టు. మీ నీళ్ళు మెత్తనివైతే అలాంటి ముక్క ఒకటి నత్త గుల్లకు మేలే చేస్తుంది. ముందే గట్టి బోరు నీళ్ళైతే వద్దు.

ఏ ఫిల్టర్? కరెంటు పోతే ఎలా?

స్పాంజ్ ఫిల్టర్, దానికి చిన్న ఎయిర్ పంప్. ఇంతకంటే ఏమీ అక్కర్లేదు. పిల్ల రొయ్యల్ని లోపలికి లాగదు, పైగా ఆ స్పాంజ్ మీద పేరుకున్న జిగురును రొయ్యలు గుంపుగా చేరి తింటాయి. పంపును నీటిమట్టం కంటే ఎత్తులో పెట్టండి. కరెంటు పోయినప్పుడు నీళ్ళు గొట్టంలో వెనక్కి ప్రయాణించి పంపులోకి రాకుండా ఉంటుంది.

గంటా రెండు గంటల కోతకు భయం లేదు. మొక్కలు ఉన్న, కిక్కిరిసి లేని ట్యాంకు తట్టుకుంటుంది. తుపాను వచ్చి రోజుల తరబడి కరెంటు పోయే తీర ప్రాంతాల వాళ్ళు బ్యాటరీతో నడిచే ఎయిర్ పంప్ ఒకటి కొని పెట్టుకోవాలి.

మాకు బోరు నీళ్ళు, మున్సిపల్ నీళ్ళు, ఆర్వో మూడూ ఉన్నాయి. ఏవి పోయాలి?

ఎక్కువమంది తడబడేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

మున్సిపల్ నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది. వెడల్పాటి బకెట్‌లో పట్టి, వీలైతే గాలి బుడగలు పెట్టి, 24 గంటలు మూత లేకుండా ఉంచితే పోతుంది. తొందరైతే షాపులో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు, సీసా మీద రాసినంతే వేయండి. అమెరికాలో చాలా ఊళ్ళలో క్లోరిన్ బదులు క్లోరమైన్ కలుపుతారు. అది బకెట్‌లో నిలవ ఉంచినా పోదు. అక్కడి మనవాళ్ళు దానికి పనిచేసే కండిషనర్ వాడి తీరాలి.

బోరు నీళ్ళలో క్లోరిన్ బాధ లేదు, లవణాల బాధ ఉంది. నీళ్ళలో కరిగిన లవణాలు కొలిచే చిన్న టీడీఎస్ మీటర్ ఒకటి కొనుక్కోండి. చెర్రీ రొయ్యలకు 150 నుంచి 400 మధ్య హాయిగా ఉంటుంది. మీ బోరు 900 చూపిస్తే, ఆర్వో 40 ఉంటే, ఒక వంతు బోరుకు రెండు వంతులు ఆర్వో కలపండి, 330 దగ్గరకు వస్తుంది. ఒట్టి ఆర్వో నీళ్ళు మాత్రం పోయకండి. గుల్ల కట్టుకోవడానికి కావలసిన కాల్షియం, మెగ్నీషియం అందులో ఉండవు. మీటర్ చెప్పేది మొత్తం లవణాల లెక్కే, అందులో కాల్షియం ఎంతో చెప్పదు. దానికి జీహెచ్ (నీటి గట్టిదనం) టెస్ట్ ఉంది, 6 నుంచి 12 మధ్య ఉంటే చాలు. పీహెచ్ 6.5 నుంచి 8 వరకు సరే. అంకె కోసం పరుగెత్తకండి. 7.8 దగ్గర నిలకడగా ఉన్న నీళ్ళలో రొయ్య బతుకుతుంది, రోజుకో రకంగా దిద్దే నీళ్ళలో బతకదు.

అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళకు మూడు హెచ్చరికలు. సాఫ్ట్‌నర్ బిగించి ఉంటే, అది కాల్షియం తీసేసి సోడియం పెడుతుంది, ఆ నీళ్ళు వద్దు. ఎండాకాలంలో ట్యాంకర్ నీళ్ళు వస్తే లోడు లోడుకు టీడీఎస్ మారుతుంది, ప్రతిసారీ చూసుకుని పోయండి. పై ట్యాంకు బ్లీచింగ్ వేసి కడిగిన వారం నీళ్ళు మార్చకండి.

రాగి బిందెలో నిలవ ఉంచిన నీళ్ళు మనకు మంచివని తాగుతాం, రొయ్యకు విషం. రొయ్యల నెత్తుట్లో ఆక్సిజన్ మోసేది రాగి ఉన్న పదార్థమే, అయినా నీళ్ళలో కాస్త రాగి ఎక్కువైతే తట్టుకోలేవు. చేపల జబ్బులకు ఇచ్చే మందుల్లోనూ రాగి ఉంటుంది. సీసా మీద కాపర్ అని కనిపిస్తే తిరిగి ఇచ్చేయండి.

ట్యాంకు పెట్టిన రోజే రొయ్యలు వేస్తే ఏమవుతుంది?

మూడు నాలుగు రోజులు బాగానే ఉన్నట్టు కనిపిస్తాయి. తర్వాత ఒక్కొక్కటే పోతాయి. షాపువాళ్ళు చెప్పినా, పిల్లలు ఏడ్చినా ఈ ఒక్క విషయంలో మెత్తబడకండి.

జీవుల వ్యర్థాలు, మిగిలిన మేత కుళ్ళి అమోనియా అవుతుంది. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ కొంచెం ఉన్నా ప్రమాదం, మూడోది 20 పీపీఎం లోపు ఉంటే పరవాలేదు. ఈ బాక్టీరియా స్పాంజ్‌లో, ఇసుకలో కాపురం పెట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నీళ్ళు పోసి, మొక్కలు నాటి, ఫిల్టర్ తిప్పుతూ రెండు రోజులకోసారి చిటికెడు చేపల మేత వేయండి. చుక్కల టెస్ట్ కిట్‌తో వారానికోసారి చూడండి. అమోనియా పైకి లేచి తగ్గుతుంది, తర్వాత నైట్రైట్ లేచి తగ్గుతుంది. రెండూ సున్నా చూపించాక ఒకటి రెండు నత్తల్ని దింపండి. రొయ్యల కోసం ఇంకో రెండు వారాలు ఆగండి. ఆ రెండు వారాల్లో మొదట చెప్పిన జిగురు పట్టుకుంటుంది. తెలిసినవాళ్ళ దగ్గర నడుస్తున్న ట్యాంకు ఉంటే వాళ్ళ పాత స్పాంజ్ పిండిన మురికి నీళ్ళు ఒక గ్లాసు అడగండి, పని త్వరగా అవుతుంది.

ఏ నెలలో మొదలుపెట్టాలని కూడా అడుగుతుంటారు. దసరా దాటాక. ట్యాంకు స్థిరపడి, రొయ్యలు ఒక తరం పిల్లల్ని పెట్టేసరికి ఎండాకాలం వస్తుంది.

మొక్కలు తప్పనిసరా?

నా లెక్కలో తప్పనిసరే. జావా మాస్, అనుబియాస్, గప్పీ గ్రాస్ చాలు. వీటికి ఎరువు, కార్బన్ డయాక్సైడ్ అక్కర్లేదు. లైటు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు. కొత్త మొక్కల మీద పురుగుమందు ఉండే అవకాశం ఉంది కాబట్టి వారం పది రోజులు వేరే బకెట్‌లో, రోజూ నీళ్ళు మారుస్తూ ఉంచండి.

బాదం ఆకు గురించి ఒక మాట. ఆన్‌లైన్‌లో ప్యాకెట్లు కట్టి అమ్మేది మన వీధుల్లో, స్కూలు ఆవరణల్లో నీడనిచ్చే దేశీ బాదం చెట్టు ఆకే. పండి ఎర్రబడి రాలి ఎండినది ఏరి, కడిగి, కాసేపు మరిగించి ఒకటి వేయండి. నీళ్ళు లేత టీ రంగుకు వస్తాయి, కంగారు లేదు. కొన్ని వారాల్లో రొయ్యలు ఆకు కండంతా తినేసి ఈనెలు మాత్రం వలలా మిగులుస్తాయి. రోడ్డు పక్క పొగ పట్టిన చెట్టుదీ, మందు కొట్టిన తోటదీ వద్దు.

కొని తెచ్చాక ఎలా వదలాలి?

కవరు కోసి గుమ్మరించకండి. రొయ్యల్ని వాటి నీళ్ళతోనే చిన్న గిన్నెలోకి దింపండి. ఎయిర్ ట్యూబుకు ఒక ముడి వేసి, ట్యాంకులోని నీళ్ళు సెకనుకు ఒకటి రెండు చుక్కల చొప్పున గిన్నెలోకి పడేలా చూడండి. నీళ్ళు మూడింతలు అయ్యేదాకా, గంట నుంచి రెండు గంటలు. తర్వాత వలతో రొయ్యల్ని మాత్రం ట్యాంకులోకి. మొదటి రెండు రోజులు మొక్కల్లో దాక్కుంటాయి, వెతకొద్దు.

ఏం పెట్టాలి, ఎంత?

అందరూ ఎక్కువ పెడతారు. ఇంటికొచ్చిన చుట్టానికి కొసరి వడ్డించినట్టు వీటికి కొసరకూడదు. పది పదిహేను రొయ్యలకు వారానికి మూడుసార్లు, కందిగింజలో సగమంత మేత. రెండు గంటల్లో తినకపోతే తీసేయండి. పాలకూర, మునగాకు, బీరకాయ ముక్క ఉడకబెట్టి చల్లార్చి వేస్తే ఇష్టంగా తింటాయి. మార్కెట్ కూరగాయల మీద పురుగుమందు భయం ఉంది కాబట్టి నేను మా మేడ మీద కుండీలో మొలిచినవే వేస్తాను. నత్తలకు గుల్ల గట్టిపడడానికి పక్షుల షాపులో దొరికే కటిల్ బోన్ ముక్క గానీ, మరిగించి ఎండబెట్టిన కోడిగుడ్డు పెంకు గానీ చాలు.

ఊరెళ్ళాలా? స్థిరపడిన ట్యాంకు పది రోజులు మేత లేకుండా ఉంటుంది. పక్కింటివాళ్ళకు మేత డబ్బా ఇచ్చి వెళ్ళకండి.

ఎండాకాలం ఎలా గట్టెక్కాలి?

చెర్రీ రొయ్యకు 20 నుంచి 26 డిగ్రీలు సుఖం. 30 దాటి రోజుల తరబడి ఉంటే గుడ్లు రాల్చేస్తుంది, మేత మానేస్తుంది, తర్వాత చచ్చిపోతుంది. వేడి ఒక్కటే కారణం కాదు. 20 డిగ్రీల నీళ్ళు లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటాయి, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరకు పడిపోతుంది. ఊపిరి అందదు.

నీటి పైభాగాన్ని తాకేలా చిన్న ఫ్యాన్ పెడితే నీళ్ళు ఆవిరవుతూ రెండు నుంచి నాలుగు డిగ్రీలు తగ్గుతాయి. ఇది కూలర్ సూత్రమే. అందుకే కూలర్ లాగే హైదరాబాద్ పొడి ఎండలో బాగా పనిచేస్తుంది, కాకినాడ, విశాఖ ఉక్కపోతలో అంతగా పనిచేయదు. తీరంలో ఉండేవాళ్ళు ట్యాంకును మొదటి నుంచే ఏసీ ఉన్న గదిలోనో, ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే మూలనో పెట్టుకోవడం మేలు. మేడ కింది పై అంతస్తు గది అసలు వద్దు.

ఐసు ముక్కలు నేరుగా వేయకండి. అర లీటరు సీసాలో గడ్డకట్టిన నీళ్ళను మధ్యాహ్నం తేలనిచ్చి, రెండు డిగ్రీలు తగ్గగానే తీసేయండి. లైటు పగలు ఆపి రాత్రి వేయండి. మేత సగానికి తగ్గించండి, గాలి బుడగలు పెంచండి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ఆ రోజుల్లో కొత్త రొయ్యల్ని కొనడం, కొరియర్‌లో తెప్పించడం పూర్తిగా ఆపేయండి.

దోమల మందు పెట్టుకోవచ్చా?

వద్దు. ఇది నేను ఎంత గట్టిగా చెప్పినా చాలదు.

మూడేళ్ళ పాటు పెంచుకున్న గుంపు నా దగ్గర ఒక్క రాత్రిలో పోయింది. చుట్టాలు వచ్చి హాల్లో పడుకున్నారు, దోమలని ప్లగ్‌లో పెట్టే మందు వేశాం. తెల్లారి లైటు వేస్తే రొయ్యలు వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటున్నాయి. మధ్యాహ్నానికి ఒకటి మిగల్లేదు. పక్క ట్యాంకులో చేపలు మామూలుగా తిరుగుతున్నాయి, నత్తలూ బాగానే ఉన్నాయి. అందుకే కారణం తెలియడానికి నాకు రెండు రోజులు పట్టింది.

లిక్విడ్, కాయిల్, స్ప్రే అన్నిటిలో ఉండేది ఎక్కువగా పైరెత్రాయిడ్ జాతి మందులు. అవి పురుగుల నరాల మీద పనిచేస్తాయి. రొయ్య పురుగుకు దూరపు బంధువు. పైగా ఎయిర్ పంప్ గదిలోని గాలినే పీల్చి నేరుగా నీళ్ళలోకి బుడగలుగా పంపుతుంది. ఆ గదిలో దోమతెర, ఎలక్ట్రిక్ బ్యాట్ వాడండి. కిటికీలకు జాలీ కొట్టించండి. పెస్ట్ కంట్రోల్ తప్పనిసరైతే ట్యాంకును ముందే వేరే ఇంటికి మార్చాలి, మూత వేస్తే సరిపోదు. చీమల చాక్‌పీసు పట్టుకున్న చెయ్యి, దోమల క్రీము రాసుకున్న చెయ్యి నీళ్ళలో పెట్టకండి.

ఒక రొయ్య తెల్లగా, పల్చగా చచ్చి పడుంది. ఏమైంది?

ముందు దగ్గరగా చూడండి. లోపల ఖాళీగా ఉంటే అది కుబుసం. రొయ్య పెరగాలంటే పాత గుల్ల విడవాలి. తీసేయకండి, కాల్షియం కోసం మళ్ళీ తినేస్తాయి. కుబుసం విడిచిన రొయ్య మెత్తగా ఉంటుంది కాబట్టి ఒకటి రెండు రోజులు దాక్కుంటుంది.

తల వెనక మెడ చుట్టూ తెల్ల గీత పడి రొయ్య చనిపోతే మాత్రం అది గుల్ల విడవలేక పోయినట్టు. నీళ్ళలో ఖనిజాలు తక్కువ కావడమో, ఒక్కసారి ఎక్కువ నీళ్ళు మార్చడమో కారణం అవుతుంది. జీహెచ్ చూడండి.

నీళ్ళు ఎన్నాళ్ళకోసారి, ఎంత మార్చాలి?

వారానికి పది శాతం, పదిహేను మించొద్దు. కొత్త నీళ్ళు అదే వేడిలో, అదే టీడీఎస్‌తో ఉండాలి, సన్నగా పోయాలి. ఆవిరై తగ్గిన నీళ్ళకు బదులు పోసేటప్పుడు మాత్రం ఒట్టి ఆర్వో పోయాలి. ఎందుకంటే ఆవిరైపోయేది నీరే, లవణాలు ట్యాంకులోనే మిగులుతాయి. మళ్ళీ బోరు నీళ్ళే పోస్తూ పోతే ఒక ఎండాకాలంలో 300 ఉన్నది 600 అవుతుంది. స్పాంజ్‌ను కుళాయి కింద కడగకుండా ట్యాంకులోంచి తీసిన నీళ్ళలో పిండండి.

పిల్లలు పెడతాయా?

పెట్టకపోతేనే ఏదో తేడా ఉన్నట్టు. ఆడది పెద్దది, రంగు చిక్కన, వీపు మీద జీను వేసినట్టు పసుపు మచ్చ కనబడుతుంది. పొట్ట కింద ఇరవై ముప్పై గుడ్లు మూడు నాలుగు వారాలు మోస్తూ, కాళ్ళతో విసురుతూ వాటికి గాలి ఆడిస్తుంది. పుట్టేవి పెద్దవాటికి అచ్చు నకలు, రెండు మిల్లీమీటర్లు ఉంటాయి. ప్రత్యేకంగా ఏమీ చేయక్కర్లేదు. నాచు గుబురు, ఆకు, జిగురు ఉంటే బతుకుతాయి.

ఎరుపు, నీలం, పసుపు కలిపి వేస్తే అన్నీ ఒకే జాతి కాబట్టి కలుస్తాయి, కొన్ని తరాలకు మట్టి రంగు పిల్లలు పుడతాయి. రంగు కావాలంటే ఒక ట్యాంకుకు ఒక రంగే.

నత్తలు వందల్లో అయిపోయాయి, మందు ఉందా?

ఉంది, దాంతో మీ రొయ్యలూ పోతాయి, ఎందుకంటే చాలా నత్త మందుల్లో ఉండేది రాగే. నత్తలు పెరగడం మీరు మేత ఎక్కువ వేస్తున్నారన్న సమాచారం. మేత తగ్గించండి. రాత్రి ఒక దోసకాయ చెక్క వేసి, పొద్దున దానికి పట్టుకున్న నత్తలతో సహా తీసేయండి. నెలలో లెక్క సర్దుకుంటుంది.

నత్త రెండు రోజులుగా కదలడం లేదు.

తీసి వాసన చూడండి. చనిపోతే ఆ కుళ్ళు వాసన ఎవరూ చెప్పక్కర్లేదు, వెంటనే తీసేసి నీళ్ళు కొంచెం మార్చాలి. గుల్ల నోటి మూత బిగించుకుని ఉంటే బతికే ఉంది, వదిలేయండి.

గాజు మీద సన్నని తెల్ల పురుగులు కనిపిస్తున్నాయి.

దారంలా మెలికలు తిరిగేవి, చుక్కల్లా గెంతేవి హాని చేయవు, మేత ఎక్కువైందని చెబుతాయి. తల బాణం మొనలా ఉండి గాజు మీద జారుతూ పోయేది ప్లనేరియా. అది పిల్ల రొయ్యల్ని, గుల్ల విడిచినవాటిని తింటుంది. వక్క సారంతో చేసిన మందు, ఫెన్‌బెండజోల్ అనే నులిపురుగుల మందు దాన్ని చంపుతాయి, రొయ్యల్ని వదిలేస్తాయి. కానీ రెండూ నత్తలకు ప్రమాదమే, అందుకని ముందు నత్తల్ని వేరే ట్యాంకుకు మార్చండి. ఆ మందు ఆనవాళ్ళు చాలాకాలం ఉంటాయి కాబట్టి తిరిగి తేవడానికి తొందరపడకండి.

రెండు చేపలు కూడా వేద్దామా?

గప్పీ పిల్ల రొయ్యల్ని తింటుంది, బెట్టా పెద్దవాటినీ వదలదు. ఆటోసింక్లస్ అనే చిన్న చేప ఒక్కటే నమ్మదగినది. నేనైతే ఏదీ వేయను. చేప లేని చోట రొయ్యలు పట్టపగలు బయట తిరుగుతాయి, ఉన్న చోట దాక్కుంటాయి.

మరీ ఎక్కువైతే ఊరి చెరువులో వదిలేయొచ్చా?

వద్దండి. ఇవి మన చెరువులవి కావు. మిస్టరీ నత్తకు దగ్గరి చుట్టమైన గోల్డెన్ ఆపిల్ నత్తను ఆగ్నేయాసియాకు పెంపకానికి తెచ్చి వదిలేస్తే అది వరిచేలను తినేసి అక్కడి రైతులను ఏళ్ళ తరబడి ఏడిపిస్తోంది. ట్యాంకు నీళ్ళు, మొక్కల ముక్కలు కూడా కాలవలో పారబోయకండి. నీళ్ళు కుండీలకు పోయండి, బాగా పనిచేస్తాయి. మొక్కల్ని ఎండబెట్టి చెత్తలో వేయండి. రొయ్యలు పెరిగితే కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు పదేసి పంచండి, వాళ్ళ ట్యాంకు ఆరు వారాలు నిండిందా అని అడిగి మరీ ఇవ్వండి.